చదరంగపు గింజల సంఖ్యను గూర్చి

గడచిన వార్షికోత్సవ సభలో మా పాఠశాల పదవ తరగతి బాలుడొకడు పావులూరి మల్లనదిగా పండితులు చెప్పు చంపకమాల నొకదానిని తడుముకొనక చదివెను. చదరంగపు బల్లమీది అరువదినాలుగు గడులలో మొదటి గడికొక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఈ రీతిని రెట్టించుచు పోయినయెడల తుదకు గింజలు మొత్తమెన్ని యగునో ఆ పద్యము చెప్పును. బాలుడొక్కొక్క పదము పలుకుచుండగా మఱియొకడు నల్లబల్లపై అంకెలు వేయుచుండెను. ఇరువది అంకెలు నిండినతోడనే సభ చప్పట్లతో మాఱుమ్రోగెను. అప్పుడు ఏడవ తరగతి బాలిక యొకతె కూర్చున్నచోటినుండియే ప్రక్కనున్న ఉపాధ్యాయినితో, "టీచర్, ఇది మూడుతోని పోతలేదు" అనెను. ఆమె మాట ముందు వరుసలకు వినబడలేదు. వినబడినవారు నవ్వి యూరకుండిరి.

సభ ముగిసిన పిమ్మట మేమా బల్లయొద్దకు పోయి అంకెలను కూడి చూచితిమి. 88 వచ్చెను. 88 మూటిచేత నిశ్శేషముగా భాగింపబడదు. బాలిక చెప్పినది నిజమే. పద్యమునందు "నగ" మనుచోట వ్రాయువాడు "నాగ" మని వినెను. నగమన పర్వతము, దాని సంఖ్య 7. నాగమన్నచో 8. ఒక దీర్ఘముచేత పది కోట్ల గింజలు హెచ్చినవి. ఆ పద్యమును చిన్ననాటినుండి నోటికెఱిగిన పెద్దలు ఆ సభలో పలువురుండిరి, మేమును ఉంటిమి. ఒక్కరమును గుర్తింపలేదు. పద్యమే యెఱుగని పిల్ల గుర్తించినది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

ముందుగా సంఖ్యను సరిగా వ్రాసెదము. అది 18446744073709551615. మన వాడుకలో చెప్పవలెనన్న 1,84,467 కోటికోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615. పద్యమునందు అంకెలకు మాఱుగా వస్తువుల పేళ్ళుండును. చంద్రుడొక్కడే కావున చంద్రుడన 1. మన్మథుని బాణములైదు కావున శరమన 5. వేదములును సముద్రములును 4, అగ్ని 3, ఆకాశము 0, దిగ్గజములను బట్టి ఏనుగు 8. అంకెలు కుడినుండి ఎడమకు నడచును, అనగా పద్యములో మొదట వచ్చునది ఒకట్ల స్థానము. పద్యము చంద్రునితో ముగియును గాన సంఖ్య ఒకటితో మొదలగును. ఈ పద్ధతి శాస్త్రకారులకు అక్కఱకు వచ్చిన కారణము తెలిసికొనదగినది. తాటాకు మీద అంకె చెడవచ్చును, లేఖకుడు పొరపడవచ్చును. ఛందస్సు మాత్రము తప్పును చాలవఱకు పట్టియిచ్చును. మా బాలుని విషయమున జరిగినదియు ఇదియే. "నాగ" యన్నచో ఆ చోట గణము చెడును. చెవి గలవారు పట్టవలసిన తప్పే యది. చంపకమాల చదువువారు మనలో కలరు, గణములు లెక్కించువారు తగ్గిరి.

మల్లన మన తెలుగున గణితశాస్త్రము వ్రాసినవారిలో మొదటివాడు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజైన అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును అతడు సారసంగ్రహ గణితమను పేర తెనిగించెను. ఆ గింజల సంఖ్యను ఎఱిగినవాడు అతడొక్కడే కాడు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్బీరూనీ తన కాలగణన గ్రంథమున ఇదే సంఖ్యను సరిగా లెక్కించి చూపెను. కావున ఇది మనదా వారిదా యను తగవులోనికి మేము దిగము. చదరంగము ఎచ్చటికి పోయెనో ఈ లెక్కయు దానివెంట అచ్చటికి పోయినది.

మేము చెప్పదలచినది వేఱు. పెద్ద సంఖ్యను మనము రెండు విధముల చూతుము. ఒకటి, నోరు తెఱచి ఆశ్చర్యపడుట. రెండవది, దానిని విప్పి చూచుట. మన సభలలోను, మన బడులలోను మొదటిదే యెక్కువ. "లోకములోని వడ్లన్నియు చాలవట!" అని చెప్పి ఊరకుందురు. ఆ మాటయు అబద్ధము కాదు. వేయి వడ్లగింజలు 25 గ్రాములని పట్టినచో ఈ గింజల బరువు సుమారు 46,000 కోట్ల టన్నులగును. లోకమంతటను ఏడాదికి పండు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అనగా అయిదువందల డెబ్బది ఏండ్లకు పైబడిన పంట. నల్లగొండ జిల్లాలో సాగరు ఎడమకాలువ క్రింద కోతలకాలమున ధాన్యపు రాసులను చూచిన పిల్లలకు ఈ పోలిక కొంత మనసుకెక్కును. అయినను ఆశ్చర్యము మఱునాటికి ఆఱిపోవును. ఆ బాలిక చేసినది రెండవది.

ఆమెను పిలిచి యడిగితిమి, నీకెట్లు తెలిసెనని. ఆమె చెప్పిన సమాధానము ఇది. మొదటి రెండు గడులలో ఒకటియు రెండును కలిసి మూడు. తరువాతి రెండు గడులలో నాలుగును ఎనిమిదియు కలిసి పండ్రెండు. ఆపై 16యు 32యు కలిసి 48. ప్రతి జతయు వెనుకటి జతకు నాలుగింతలు కావున ప్రతి జతయు మూటితో పోవలెను. అరువదినాలుగు గడులు ముప్పదిరెండు జతలు, ఒక గడియు ఒంటిగా మిగులదు. కావున మొత్తము మూటితో పోకతప్పదు. ఇందులో ఏడవ తరగతికి మించిన విద్య యేమియు లేదు. సరియైన సంఖ్యలో అంకెలు కూడిన 87 వచ్చును, 87 మూటితో పోవును.

ఈ బాట పట్టి ముందునకు నడచినయెడల బల్లయంతయు విచ్చుకొనును. నాలుగేసి గడులు తీసికొన్న మొదటి నాలుగింటిలో 15. కావున మొత్తము 5 చేతను పోవును, చివరి అంకె 5 అగుట అందులకే. ఒక వరుసలో గడులెనిమిది. మొదటి వరుసలోని గింజలు 255, అనగా మూడైదుల పదునేడు. క్రింది వరుసకు పైవరుస ఎల్లప్పుడును 256 రెట్లు గాన 255 మొత్తమును భాగించును. రెండు వరుసలలో 65535, అది 255ను 257చే గుణించిన వచ్చును. నాలుగు వరుసలు, అనగా సగము బల్ల, 4294967295. ఇది 65535ను 65537చే గుణించినది. ఇంతవఱకు 3, 5, 17, 257, 65537 అను అయిదు ప్రధాన సంఖ్యలు దొరకినవి. ప్రతిసారియు వెనుకటి మొత్తమునకు రెండు చేర్చిన సంఖ్యతో గుణించుచున్నామని బుద్ధిగల విద్యార్థి గమనించియుండును. మిగిలిన సగము బల్లను కలుపుకొనవలెనన్న 4294967295ను 4294967297చే గుణింపవలెను. కథ అడ్డము తిరుగునది ఇచ్చటనే.

ఫ్రాన్సు దేశస్థుడగు ఫెర్మా, 17వ శతాబ్దివాడు, 3, 5, 17, 257, 65537 లను చూచి, ఈ వరుసలో వచ్చు సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలేయని నమ్మెను. నమ్మికకు ఆధారము మొదటి అయిదును ప్రధాన సంఖ్యలగుటయే. ఆఱవది 4294967297. అంతటివాడు చెప్పిన మాట గావున సుమారు నూఱేండ్లు ఎవరును కాదనలేదు. 1732లో ఆయిలరు ఆ సంఖ్యను 641 భాగించునని చూపెను. భాగఫలము 6700417, అదియు ప్రధాన సంఖ్యయే. నోటితో చెప్పిన మాటను కాగితముపై చేసి చూచినవాడు గెలిచినాడు. మా సభలో జరిగినదానికి ఇది పెద్ద రూపము.

641 ఊరక వెదుకగా దొరకినది కాదు. ఈ సంఖ్యను భాగించు ప్రతి ప్రధాన సంఖ్యయు 64చే భాగించినప్పుడు ఒకటి మిగులవలెనని ఋజువు చేయవచ్చును. ఆ ఋజువు పై తరగతులది కాన ఇచ్చట వదలుచున్నాము. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నమున తాళము తెఱచుకొనును. అరువదినాలుగు గడుల లెక్కలో అరువదినాలుగే తాళపుచెవి యగుట మాకు ముచ్చట గొలిపినది.

భాగహారమైనను చేయకుండ 641 పోవునని చూపు ఉపాయ మొకటి కలదు. తొమ్మిదవ తరగతివారు పలకబలపములు పట్టుకొని చదువవలెను. 641 అనగా 5ను 128తో గుణించి ఒకటి చేర్చినది. అదియే 625నకు 16 చేర్చినను వచ్చును. 128 రెండునకు ఏడవ ఘాతము, 625 అయిదునకు నాలుగవ ఘాతము. 5ను 128తో గుణించినది 641కి ఒకటి తక్కువ, కావున 641చే భాగించునపుడు దాని శేషమును ఋణ ఒకటిగా పట్టవచ్చును. దానిని నాలుగు మాఱులు వేసి హెచ్చించిన శేషము ధన ఒకటి యగును. అట్లు హెచ్చించినదానిలో 625 ఒకటియు, రెండునకు ఇరువదియెనిమిదవ ఘాతమును ఉండును. 625 కంటె 641 పదునాఱు పెద్దది గదా, కావున 625 బదులు ఋణ 16 నుంచవచ్చును. పదునాఱు రెండునకు నాలుగవ ఘాతము. రెండును కలియగా రెండునకు ముప్పదిరెండవ ఘాతమగును, ముందు ఋణచిహ్నముండును. దాని శేషము ఒకటి. కావున చిహ్నమును తీసివేసి, రెండునకు ముప్పదిరెండవ ఘాతమునకు ఒకటి చేర్చిన శేషము సున్న. అదియే 4294967297. మొదటిసారి చదివినప్పుడు మాకును జారిపోయినది. రెండవసారి చేసినప్పుడు కుదిరినది.

కావున మల్లన సంఖ్యలోని ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏ యొక్కటియు రెండుసార్లు రాదు. కావున దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు, ఒకటిని ఆ సంఖ్యను కలుపుకొని, రెండును ఏడుమాఱులు వేసి హెచ్చించినన్ని, అనగా 128. చదరంగపు ఎనిమిదవ గడిలోని గింజలును అన్నియే.

ఇదంతయు మా జిల్లాల పిల్లలకు దూరపు సంగతియా? కాదని మా అభిప్రాయము. ఇంట తాతలనడిగినచో కల్లములో కొలుచునప్పుడు మొదటి కొలతను "ఒకటి" యనక "లాభము" అని పలికి పిదప రెండు, మూడు అని లెక్కించెడివారని చెప్పుదురు. కొలపాత్రల పేళ్ళును అడుగుడు. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, ఇరస, తూము. ఊరూర కొలతలు కొంత మాఱినను, పెద్దలు చెప్పు ఈ వరుసలో ఒకదానికంటె మఱియొకటి సరిగా రెట్టింపు. గిద్దనుండి తూమునకు 256 రెట్లు, అనగా చదరంగపు తొమ్మిదవ గడి. తూము దాటగనే రెట్టింపు నిలిచిపోవును, ఇరువది తూములకు పుట్టి. రైతు చదరంగమాడకయే మొదటి వరుస దాటి ఒక గడి నడచెను. ఇంకను రెట్టించుచు పోవుటలో అర్థము లేదని ఎఱిగి ఆగెను.

ఆగనివాడు అప్పిచ్చినవాడు. విత్తుల కాలమున తెచ్చిన గింజలకు కల్లములో ఒకటికి ఒకటిన్నర కొలిచిన దినములను మా ప్రాంతపు ముసలివారు మఱువలేదు. ఒకయేడు తీర్చలేక రెండవయేటికి పోయినచో ఒకటికి రెండుంబావు, అనగా రెట్టింపు దాటినట్లే. ఇరువది ఏండ్లు అట్లు నడచిన బాకీ, కాగితముమీద, 3,325 రెట్లగును. అంత ఎవ్వరును కొలువలేరు. అందుకు చాలముందే పొలము పోవును, పిదప ఊరు విడువవలసివచ్చును. పాలమూరు కూలీలను పేరు దేశమంతట వినబడుటకు కఱవు ఒక కారణమైనచో ఈ రెట్టింపు మఱియొకటి. వడ్డీ అసలును మించి పెరుగరాదని, ధాన్యమునకైనచో మొత్తము అయిదింతలు దాటరాదని మనుస్మృతి హద్దు పెట్టినది. ఆ హద్దు పెట్టినవానికి రెట్టింపు సంగతి తెలిసియుండవలెను. ఇప్పుడును నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెచ్చి, మిత్తిమీద మిత్తి కట్టించుకొనువారున్నారు. ఆ లెక్కను బాకీ ఇరువదినాలుగు నెలలకు రెట్టింపు దాటును. మా విద్యార్థులలో పలువురి తల్లిదండ్రులు ఈ లెక్క చేయకయే కాగితముపై వ్రేలిముద్ర వేసినవారు. చదరంగపు కథ వారి పిల్లలకు వినోదము మాత్రమే యగుట మాకు సమ్మతము కాదు. గడులెన్ని దాటినది, ఎచ్చట ఆగవలసినది లెక్కించుట వారికి రావలెను.

చేతిలోని ఫోను లెక్క చేయుచుండగా ఇంకను పలకలెందులకని తల్లిదండ్రులలో కొందఱు మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ ఫోనులోపలనే మల్లన సంఖ్య యున్నదని మా జవాబు. నేటి గణనయంత్రములు సాధారణముగా ఒక సంఖ్యను అరువదినాలుగు గదులలో దాచును, ఒక్కొక్క గదిలో సున్నయో ఒకటియో యుండును. అన్ని గదులును ఒకట్లతో నిండినప్పుడు వచ్చు సంఖ్య సరిగా 18446744073709551615. దానికి ఒకటి చేర్చిన గదులన్నియు సున్నలగును. వెనుకటి యంత్రములకు గదులు ముప్పదిరెండే, వాని హద్దు సగము బల్ల. ఇంతకంటె పెద్ద గుణకారమును సామాన్యమైన గణనయంత్రపు తెరపై వేసినచో చివరి అంకెలను మ్రింగి ఉజ్జాయింపు చూపును. మేము చేసి చూచితిమి. తెర చూపినదానికంటె మా బాలిక మాటయే నమ్మదగినదిగా నుండెను.

అయితే ఆమె పరీక్షయు అన్ని తప్పులను పట్టజాలదు. 7 వేయవలసిన చోట 4 వేసినచో మూటితో పోవుట చెడదు. ప్రక్కప్రక్క అంకెలు తాఱుమాఱైనను మొత్తము మాఱదు. అందులకు 11 పరీక్ష చేయవలెను. కుడినుండి ఒకటి విడిచి యొకటిగా అంకెలను కూడి, మిగిలినవాని మొత్తమును అందులోనుండి తీసివేయవలెను. మల్లన సంఖ్యకు 37 వచ్చును, దానిని 11చే భాగింప 4 మిగులును. నాలుగే మిగులవలెనని ముందుగనే చెప్పవచ్చును. రెండును పదిమాఱులు వేసి హెచ్చించిన 1024, దానిని 11చే భాగింప ఒకటి మిగులును. కావున అరువది రెట్టింపుల పిదపను ఒకటియే మిగులును, మఱి నాలుగు రెట్టింపులకు 16, అనగా 5, అందులో ఒకటి తీసివేయగా 4. ఏ యొక్క అంకె తప్పినను, ప్రక్కనున్న రెండు వేఱువేఱు అంకెలు తాఱుమాఱైనను ఈ పరీక్ష పట్టును.

వచ్చు వార్షికోత్సవమున ఆ పద్యము మఱల చదివింపవలెనని మేము కోరుచున్నాము. చదువు బాలుడు చదువును, వ్రాయువాడు వ్రాయును. బల్లకు రెండవ ప్రక్క ఇద్దఱు పిల్లలు సుద్దముక్కలతో నిలిచి, ఒకరు మూటి పరీక్షయు, మఱియొకరు పదునొకండు పరీక్షయు చేయవలెను. వారు సరి యన్న తరువాతనే చప్పట్లు కొట్టవలెను. మూటి పరీక్షకు ఎవరిని నిలుపవలెనో ఇప్పటికే నిశ్చయమైనది. ఆమె మాత్రము తనకు 641 కావలెనని యడుగుచున్నది.